విటమిన్ మాత్ర ఎవరికి బలం? ఆక్సీకరణ ఒత్తిడి, క్యాన్సర్ కణం

1985లో ఫిన్లాండ్‌లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. 50 నుంచి 69 ఏళ్ల వయసున్న, సిగరెట్ అలవాటున్న 29,133 మంది మగవాళ్లను తీసుకున్నారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, కొందరికి రెండూ ఇచ్చారు. మిగిలినవాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకూ తెలియదు, ఇచ్చే డాక్టర్లకూ తెలియదు.

ఈ ప్రయోగం వెనక ఉన్న ఆలోచనలో అనుమానించడానికి ఏమీ కనిపించదు. పండ్లు, ఆకుకూరలు, క్యారెట్లు బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తోందని అప్పటికే చాలా అధ్యయనాలు చెప్పాయి. వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉంటోంది. సిగరెట్ పొగ నిండా ఫ్రీ రాడికల్స్ అనే, దేన్నైనా పట్టి మార్చేసే చురుకైన అణువులు ఉంటాయి, అవి డీఎన్ఏను పాడుచేస్తాయి. బీటా కెరోటిన్ ఏమో వాటిని అణిచే పదార్థం, అంటే యాంటీ ఆక్సిడెంట్. కాబట్టి మాత్ర వేస్తే క్యాన్సర్ తగ్గాలి.

1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

ఏదో లెక్కల్లో దొర్లిన కాకతాళీయం అనుకున్నవాళ్లు ఉన్నారు. అప్పటికే అమెరికాలో అలాంటిదే మరో ప్రయోగం నడుస్తోంది. సిగరెట్ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ ధూళిలో పనిచేసినవాళ్లు కలిపి 18,314 మందిలో దాదాపు సగం మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఎ ఇస్తున్నారు. 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే, దాన్ని ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మొత్తం మరణాలు 17 శాతం ఎక్కువ. అదే ఏడాది వచ్చిన మూడో ప్రయోగంలో, ఎక్కువ మంది పొగతాగని 22,071 మంది అమెరికా డాక్టర్లలో దాదాపు సగం మంది 12 ఏళ్లు బీటా కెరోటిన్ వేసుకున్నా మంచీ జరగలేదు, చెడూ జరగలేదు.

ఎక్కడ లెక్క తప్పింది? ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆక్సీకరణ ఒత్తిడి గురించి తెలిసిన సంగతుల్లో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

వంకాయ ముక్క, పుండు మీద నురగ

వంకాయ కోసి నీళ్లలో వేయకుండా వదిలేస్తే ముక్కలు నల్లబడతాయి. ముక్కలోని ఫినాల్ పదార్థాలకు గాలిలోని ఆక్సిజన్ తగలడం వల్ల జరిగే పని అది. ఇనుము తుప్పు పట్టడం, డబ్బా అడుగున మిగిలిన పాత జంతికలు నూనె వాసన వేయడం కూడా ఆక్సిజన్ పనులే. మనం బతకడానికి పీల్చే ఆక్సిజన్‌కు ఒంటి లోపల కూడా ఈ గుణం పోదు. కణాల్లోని మైటోకాండ్రియా, తిన్న తిండిలోంచి తీసిన ఎలక్ట్రాన్లను ఒకదాని తర్వాత ఒకటిగా చేతులు మారుస్తూ చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి. అక్కడ ఆ ఆక్సిజన్ నీరుగా మారుతుంది. దారిలో కొన్ని ఎలక్ట్రాన్లు జారి, ముందే ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేది సూపర్ ఆక్సైడ్. దానిలో ఒక ఎలక్ట్రాన్‌కు జత ఉండదు, కాబట్టి అది ఫ్రీ రాడికల్.

ఇలాంటివి ప్రాణుల శరీరంలో పుడతాయంటే మొదట్లో రసాయన శాస్త్రవేత్తలే అంతగా నమ్మలేదు. ఎక్స్‌రే కిరణాలు చేసే హానీ, మితిమీరిన ఆక్సిజన్ చేసే హానీ ఒకే దారిలో నడుస్తాయని 1954లో రెబెకా గెర్ష్‌మన్ ప్రతిపాదించారు. 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ సూపర్ ఆక్సైడ్‌ను తుడిచేసే ఎంజైమ్‌ను పట్టుకున్నాక అనుమానం తీరింది. తుడవడానికి ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉందంటే, తుడవాల్సిందీ అక్కడ ఉన్నట్టే కదా. 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ రంగానికి ఆక్సీకరణ ఒత్తిడి అన్న మాటను స్థిరపరిచారు. పుట్టేవి ఎక్కువై, తుడిచే శక్తి దానికి చాలని స్థితి అని అర్థం. ఆఫీసు టెన్షన్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. పేరు వల్ల పుట్టిన గందరగోళం మాత్రం చాలానే ఉంది.

ఈ కుటుంబంలో అన్నీ ఒకే రకం కావు. సూపర్ ఆక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుండు కడిగేటప్పుడు బుసబుసా పొంగే ద్రవం అదే. ఆ నురగ, మన కణాల్లో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాధు స్వభావం కలది, కణంలో కొంత దూరం ప్రయాణించగలదు. కానీ దారిలో ఇనుము తగిలితే కథ మారిపోతుంది. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఫెంటన్ 1894లోనే వివరించిన చర్య జరిగి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది బతికేది సెకనులో వందకోట్లో వంతు మాత్రమే. ఆ కాస్త సమయంలో పక్కన ఏది ఉంటే దాని మీద పడుతుంది. కొవ్వు ఉంటే కొవ్వు, డీఎన్ఏ ఉంటే డీఎన్ఏ.

అందుకే ఫ్రీ రాడికల్స్ ఎక్కువయ్యాయి అన్న వాక్యం సగం వాక్యమే. ఏది, ఎక్కడ, ఎంతసేపు అన్నవి తెలియకుండా దానితో ఏమీ తేల్చలేం.

ఒక్క అక్షరం ఎలా మారుతుంది

డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఆక్సీకరణకు అన్నిటికంటే తేలికగా లొంగేది గ్వానిన్. దానికి ఒక ఆక్సిజన్ పరమాణువు అంటుకుంటే 8-ఆక్సోగ్వానిన్ అవుతుంది. గ్వానిన్ ఎప్పుడూ సైటోసిన్‌తో జత కట్టాలి. ఈ పాడైన గ్వానిన్ మాత్రం కాస్త తిరిగి నిలబడి అడెనిన్‌తో కూడా జత కట్టేస్తుంది. కణం మళ్లీ విడిపోయే ముందు డీఎన్ఏ నకలు తీసేటప్పుడు ఆ అడెనిన్‌కు ఎదురుగా థైమిన్ వచ్చి కూర్చుంటుంది. అలా రెండుసార్లు నకలు తీసేసరికి గ్వానిన్-సైటోసిన్ ఉన్న చోట థైమిన్-అడెనిన్ జత తయారవుతుంది. ఇక అది పాడైన అక్షరంలా కనిపించదు, కొత్త అక్షరంలాగే ఉంటుంది. మరమ్మతు చేసే ఎంజైమ్‌లకు కూడా ఆనవాలు దొరకదు.

ఇలాంటి దెబ్బలు ఒక్కో కణానికి రోజుకు దాదాపు 10,000 తగులుతాయని బ్రూస్ ఏమ్స్ బృందం ఒకప్పుడు అంచనా వేసింది. ఆ సంఖ్య ఇప్పటికీ చాలా చోట్ల తిరుగుతూ ఉంటుంది. అయితే డీఎన్ఏను కణంలోంచి బయటికి తీసే క్రమంలోనే గాలి తగిలి కొంత ఆక్సీకరణ జరుగుతుందనీ, పాత కొలతల్లో అది కలిసిపోయిందనీ తర్వాత తేలింది. అసలు సంఖ్య ఎంతయినా, ఈ దెబ్బల్లో దాదాపు అన్నీ సరిదిద్దబడతాయి. ఒక ఎంజైమ్ పాడైన గ్వానిన్‌ను పీకేస్తుంది. అది దాటిపోయి తప్పు అడెనిన్ చేరితే, మ్యూటీహెచ్ అనే మరో ఎంజైమ్ ఆ అడెనిన్‌ను పీకి, మరో అవకాశం ఇస్తుంది. పాడైన అక్షరాన్ని ఇలా కత్తిరించి సరిచేసే పద్ధతిని వెలికితీసినందుకే తోమాస్ లిండాల్‌కు 2015 నోబెల్‌లో వాటా దక్కింది.

ఆక్సీకరణ దెబ్బ నిజంగా మనిషిలో క్యాన్సర్‌కు దారితీస్తుందా అన్నదానికి గట్టి సాక్ష్యం 2002లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చింది. ఒక కుటుంబంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు పెద్దపేగులో పిలకలు, క్యాన్సర్ వచ్చాయి. ఇలాంటి జబ్బుకు మామూలుగా కారణమయ్యే ఏపీసీ జన్యువు వాళ్లకు పుట్టుకతో సవ్యంగానే ఉంది. కానీ కణితుల్లో చూస్తే అదే జన్యువు దెబ్బతిని ఉంది, అదీ మళ్లీ మళ్లీ ఒకే తీరులో. గ్వానిన్-సైటోసిన్ ఉండాల్సిన చోట థైమిన్-అడెనిన్. వెతుక్కుంటూ వెళ్తే అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన రెండు మ్యూటీహెచ్ ప్రతులూ పనిచేయనివని తేలింది. అంటే వీళ్లకు తగిలిన ఆక్సీకరణ దెబ్బలు అందరికీ తగిలేవే. దిద్దేవాడు లేకపోవడం ఒక్కటే తేడా.

ఇదే తీరు మార్పు పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల కణితుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి వెంటనే ఆక్సీకరణ ఖాతాలో రాయకూడదు. పొగలోని బెంజోపైరీన్ లాంటి రసాయనాలు గ్వానిన్‌కు నేరుగా అతుక్కుని కూడా అదే మార్పు తెస్తాయి. అక్కడ ప్రధాన దోషి అవే అన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఫిన్లాండ్ లెక్కలో మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. పొగలో రాడికల్స్ ఉన్న మాట నిజమే, ఒక్క దమ్ములో లక్షల కోట్లకు మించి ఉంటాయి. అంతమాత్రాన పొగ వల్ల జరిగే నష్టమంతా వాటి పుణ్యం కాదు.

నోరు పండినప్పుడు

ఆక్సీకరణను కళ్లారా చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. తమలపాకు, వక్క, సున్నం కలిపి నమిలితే నోరు ఎర్రగా పండుతుంది. ఏ ఒక్కటి విడిగా నమిలినా అంత ఎరుపు రాదు. వక్కలో పాలీఫినాల్స్ ఉంటాయి. సున్నం నోటిలో క్షారగుణాన్ని పెంచుతుంది. ఆ క్షారంలో పాలీఫినాల్స్ వాటంతట అవే ఆక్సిజన్‌తో కలిసిపోతాయి, ఎరుపు వస్తుంది, పక్కనే సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. వక్కలో రాగి కూడా కాస్త ఎక్కువే. ఫెంటన్ చర్యలో ఇనుము చేసే పని రాగి కూడా చేయగలదు. భోజనం తర్వాత ఎప్పుడో ఒక కిళ్ళీ వేసుకోవడం వేరు. బుగ్గన పెట్టుకుని గంటల తరబడి, రోజుల తరబడి, ఏళ్ల తరబడి నమలడం వేరు. చెంప లోపలి పొర గట్టిపడి, నోరు తెరవడమే కష్టమయ్యే జబ్బు అలాంటివాళ్లకే వస్తుంది, అందులో కొంతమందికి అది క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. పొగాకు లేదు కదా, వక్కపొడే కదా అన్న ధీమాకు ఆధారం లేదు.

శ్రీకాకుళం, విశాఖ తీరంలోని అడ్డపొగది ఇంకో దారి. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. దానికీ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖపట్నం డాక్టర్లు 1957లోనే రాశారు. 1971లో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం ఒకటి ప్రపంచానికి అడ్డపొగను పరిచయం చేసింది. ఇక్కడ వేడి, పొగ రసాయనాలు, రాడికల్స్ అన్నీ ఒకే చోట పడతాయి. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం.

బయటి నుంచి ఏదీ రాకపోయినా లోపలే రాడికల్స్ ఏళ్ల తరబడి కురిసే పరిస్థితి ఒకటుంది, అది ఆరని వాపు. క్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు కావాలనే సూపర్ ఆక్సైడ్‌ను చిమ్ముతాయి. అది వాటి ఆయుధం. పుట్టుకతో దాన్ని తయారు చేసే ఎంజైమ్ పనిచేయని పిల్లలు మామూలు క్రిములకు కూడా తరచూ జబ్బు పడతారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయే జ్వరంలో ఆ ఆయుధం వల్ల మేలే. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, కాలేయంలో హెపటైటిస్ బి వైరస్ దశాబ్దాలు తిష్ఠ వేసినప్పుడు మాత్రం శత్రువు చావడు, చుట్టూ ఉన్న సొంత కణాలు కాలుతూ ఉంటాయి. కాలిన చోట కొత్త కణాలు పుట్టాలి, పుట్టాలంటే డీఎన్ఏ నకలు తీయాలి, దెబ్బతిన్న డీఎన్ఏ నకలు తీసినప్పుడే తప్పు శాశ్వతమవుతుంది. దెబ్బ, విభజన రెండూ ఒకే చోట కలిసి నడవడమే ఇక్కడి ప్రమాదం.

పెరగమని చెప్పే కబురు

1990ల దాకా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కణంలోని చెత్తగానే చూశారు. 1995లో వచ్చిన ఒక పరిశోధన ఆ చూపు మార్చింది. రక్తనాళపు కండర కణాలకు పెరగమని చెప్పే ఒక ప్రోటీన్ తగలగానే వాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కాసేపు పెరుగుతోంది. కెటలేజ్ పెట్టి దాన్ని తుడిచేస్తే పెరగమన్న కబురే లోపలికి చేరడం లేదు. అంటే అది చెత్త కాదు, కబురు మోసేదే. మన కణాల్లో పెరుగుదలకు బ్రేకు వేసే కొన్ని ఎంజైమ్‌లు ఉన్నాయి, పీటెన్ వాటిలో ఒకటి. వాటి పనంతా ఒక గంధకపు పరమాణువు మీద ఆధారపడి ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ గంధకాన్ని ఆక్సీకరిస్తే బ్రేకు కాసేపు వదులవుతుంది. తర్వాత కణం దాన్ని మామూలు స్థితికి తెచ్చుకుంటుంది.

క్యాన్సర్ కణం ఈ వెసులుబాటునే వాడుకుంటుంది. రాస్ అనే జన్యువు చెడిన కణాలు ఎడతెగకుండా సూపర్ ఆక్సైడ్ చేస్తాయనీ, దాన్ని తుడిచేస్తే వాటి విభజన నెమ్మదిస్తుందనీ 1997లో చూశారు. దీన్నిబట్టి చూస్తే యాంటీ ఆక్సిడెంట్ మందే కదా మరి? సగం దూరం వరకు అవును. మిగతా సగంలో కథ అడ్డం తిరుగుతుంది.

కణితి సొంత కవచం

వేగంగా పెరిగే కణంలో రాడికల్స్ కూడా వేగంగా పుడతాయి. అవి కొంచెం ఉంటే దానికి లాభం, హద్దు దాటితే చావు. మామూలు కణానికి ఆ హద్దు చాలా దూరంలో ఉంటుంది, క్యాన్సర్ కణం హద్దు అంచునే కాపురం పెడుతుంది. కాబట్టి బతికి బట్టకట్టాలంటే దానికి మనకంటే ఎక్కువ యాంటీ ఆక్సిడెంట్లు కావాలి. వాటిని అది తానే తయారు చేసుకుంటుంది.

ఎలా అంటే, ప్రతి కణంలోనూ ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ ఉంటుంది. యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌ల జన్యువులను కట్టకట్టి ఒకేసారి మేల్కొలిపేది అదే. మామూలు రోజుల్లో కీప్1 అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టుకుని, పుట్టిన కొద్ది నిమిషాల్లోనే చెత్తబుట్టకు పంపించేస్తూ ఉంటుంది. ఆక్సీకరణ పెరిగినప్పుడు కీప్1లోని గంధకపు పరమాణువులే ముందు దెబ్బతింటాయి, పట్టు సడలుతుంది, ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి చేరి పని మొదలుపెడుతుంది. ప్రమాదం పోగానే మళ్లీ పట్టుబడుతుంది. ఊపిరితిత్తుల కణితుల్లో చెప్పుకోదగ్గ వంతులో కీప్1 జన్యువే చెడిపోయి ఉంటుంది. పట్టుకునేవాడు లేక ఎన్ఆర్ఎఫ్2 పగలూ రాత్రీ పనిచేస్తూ ఉంటుంది. అలా చెడకపోయినా, రాస్ లాంటి క్యాన్సర్ జన్యువులు ఎన్ఆర్ఎఫ్2 ఉత్పత్తిని తామే పెంచి కణాన్ని కాపాడతాయని 2011లో తెలిసింది.

ఇక ఈ కవచానికి బయటి నుంచి మరో పొర తొడిగితే ఏమవుతుంది? స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మార్టిన్ బెర్గో బృందం ఎలుకల మీద చూసి 2014లో ప్రచురించింది. ఊపిరితిత్తుల్లో చిన్న కణితులు అప్పుడే మొదలైన ఎలుకలకు విటమిన్ ఇ గానీ, కఫం కరగడానికి డాక్టర్లు రాసే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గానీ ఇచ్చారు. కణితులు వేగంగా పెరిగాయి, ఎలుకలు తొందరగా చనిపోయాయి. కారణం కూడా దొరికింది. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 అనే కాపలా ప్రోటీన్ మేల్కొని కణాన్ని ఆపేస్తుంది. మాత్ర వల్ల రాడికల్స్ తగ్గాయి, డీఎన్ఏకు దెబ్బలు తగ్గాయి, కాపలావాడికి కబురు అందలేదు. పీ53 ముందే పోయిన కణితుల మీద మాత్రల ప్రభావమేమీ కనబడలేదు.

ఫిన్లాండ్ లెక్కలోని రెండో పొరపాటు ఇది. దశాబ్దాలుగా సిగరెట్ తాగుతున్న యాభై అరవై ఏళ్ల మనిషి ఊపిరితిత్తుల్లో కంటికి కనిపించని కణితి మొలకలు ముందే ఉండొచ్చు. మాత్ర వాళ్ల మంచి కణాలతో పాటు ఆ మొలకలకూ అందింది. ఇదొక్కటే వివరణ అనలేం. పొగ తగిలినప్పుడు బీటా కెరోటినే విరిగి హానికరమైన ముక్కలుగా మారుతుందన్న వివరణా ఉంది. ఫిన్లాండ్‌లో విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరగలేదన్నదీ మరచిపోకూడదు.

ఆ విటమిన్ ఇ సంగతి మరీ చిత్రం. అదే ప్రయోగంలో విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 32 శాతం తక్కువగా కనిపించింది. ఆ ఆశతో అమెరికా, కెనడా, ప్యూర్టో రికోల్లో 35,533 మందితో మరో ప్రయోగం పెట్టారు, మోతాదు బాగా పెంచారు. లాభం కనబడక 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో మళ్లీ లెక్క చూస్తే విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

అన్ని చోట్లా ఇలాగే జరిగిందా అంటే, లేదు. చైనాలోని లిన్‌షియన్‌లో 29,584 మందిలో దాదాపు సగం మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి ఐదేళ్లకు పైగా ఇస్తే మొత్తం మరణాలు 9 శాతం, కడుపు క్యాన్సర్ మరణాలు 21 శాతం తగ్గాయి. అక్కడి జనం తిండిలోనే ఆ పోషకాలు తక్కువ. లోటున్న చోట పూడిస్తే మేలు జరిగింది, నిండుగా ఉన్న చోట మళ్లీ పోస్తే కీడు జరిగింది.

రక్తంలో ఈదడం, ఒక భీమవరం మనిషి

క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది ప్రాణం తీసేది మొదటి కణితి కాదు, పాకడం. కణితి నుంచి విడిపోయిన కణం రక్తంలో పడి వేరే అవయవం చేరాలి. ఈ ప్రయాణంలో వేలల్లో ఒక్కటి కూడా బతకదు. ఎందుకన్నదానికి 2015లో సీన్ మారిసన్ బృందం ఒక కారణం చూపింది. మనుషుల మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల చర్మం కింద పెట్టి గమనిస్తే, చర్మం కింద సుఖంగా ఉన్న కణాలు రక్తంలోకి రాగానే తీవ్రమైన ఆక్సీకరణ ఒత్తిడికి లోనయ్యాయి. ఎక్కువ భాగం అక్కడే చచ్చిపోయాయి. ఎలుకలకు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చినప్పుడు రక్తంలో తిరిగే కణాలు పెరిగాయి, పాకడం పెరిగింది. అంటే ఇక్కడ ఆక్సీకరణ ఒత్తిడి రోగి పక్షాన ఉంది, యాంటీ ఆక్సిడెంట్ కణితి పక్షాన.

బతికి బయటపడ్డ ఆ కొన్ని కణాలు ఎలా తట్టుకున్నాయి? వాటిలో ఫోలిక్ ఆమ్లం మీద నడిచే ఎంజైమ్‌లు పెరిగాయి. యాంటీ ఆక్సిడెంట్ వ్యవస్థకు ఇంధనంలా పనికొచ్చే ఎన్ఏడీపీహెచ్‌ను అవి తయారు చేస్తాయి. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చి ఆ దారి మూసేస్తే ఎలుకల్లో పాకడం తగ్గింది, చర్మం కింది కణితి మాత్రం మామూలుగానే పెరిగింది.

ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ అనగానే తెలుగువాళ్లకు గుర్తు రావాల్సిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపిన ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. రక్తహీనతకు అది మంచి మందు కాబట్టి ల్యుకేమియా పిల్లలకూ మేలు చేస్తుందేమోనని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూశారు. జబ్బు ముదిరినట్టు ఆయనకు కనిపించింది. అలాగైతే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం చేసిన అమినోప్టెరిన్‌ను వాడి, 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్ రాశారు. దాని చుట్టమే మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం బీటా కెరోటిన్ లాంటి యాంటీ ఆక్సిడెంట్ కాదు, అప్పటి తర్కమూ వేరు. అయినా ఒంటికి మంచిదైన విటమిన్ కణితికీ మంచిదే కావచ్చన్న సంగతి ఫిన్లాండ్ కంటే దాదాపు యాభై ఏళ్ల ముందే కళ్లెదుట జరిగింది.

చికిత్స గదిలో

జనం కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్ చికిత్స చాలావరకు ఆక్సీకరణ ఒత్తిడితోనే పనిచేస్తుంది. కిరణం ఎక్కువగా తగిలేది కణంలోని నీటికి. నీరు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి, డీఎన్ఏకు జరిగే నష్టంలో దాదాపు మూడింట రెండొంతులు వాటి వల్లే. అక్కడ ఆక్సిజన్ ఉంటే ఆ నష్టం దిద్దడానికి వీల్లేకుండా స్థిరపడుతుంది. రక్తం అందని కణితి నడిమధ్యలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అక్కడి కణాలను చంపడానికి రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి.

మరి ఈ చికిత్స జరుగుతుండగా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే? కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందితో పరీక్షించారు. విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి తీసుకున్నవాళ్లకు నోటి పుండ్ల లాంటి తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి. అదే సమయంలో కణితి తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. చికిత్స సమయంలోనూ సిగరెట్ మానని వాళ్లలోనే ఈ నష్టం స్పష్టంగా ఉందని తర్వాత విడదీసి చూసినప్పుడు తెలిసింది. రోగికి ఆ రోజు హాయినిచ్చిన మాత్రే కణితికీ హాయినిచ్చిందని అనుకోవచ్చు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ తెచ్చిపెట్టే పొడులూ, మాత్రలూ డాక్టరుకు చెప్పకుండా వాడటం మన దగ్గర మామూలే. దీని గురించి ఆస్పత్రుల్లో ముందుగానే అడగాల్సిన అవసరం చాలా ఉంది. పండ్లు, కూరగాయల గురించి ఈ భయం అక్కర్లేదు, వాటిలో ఈ పదార్థాలు ఇంత మోతాదులో ఉండవు.

మందు పేరు ఒక్కటే అయినా మోతాదును బట్టి పక్షం మార్చడానికి విటమిన్ సి మంచి ఉదాహరణ. 1976లో డాక్టర్ యూవన్ కామెరాన్, రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ దాన్ని క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇస్తే ఆయుష్షు పెరుగుతోందన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి 1979లో, 1985లో పరీక్షించి ప్రయోజనం లేదంది. చాలా ఏళ్ల తర్వాత ఒక తేడా బయటపడింది. పౌలింగ్ వైపు రోగులకు నరంలోకి కూడా ఎక్కించారు, మేయోలో నోటి ద్వారానే ఇచ్చారు. నోటి ద్వారా ఎంత మింగినా పేగు కొంతే తీసుకుంటుంది. నరంలోకి ఎక్కిస్తే రక్తంలో దాని స్థాయి పదుల రెట్లు పెరుగుతుంది. ఆ స్థాయిలో విటమిన్ సి యాంటీ ఆక్సిడెంట్‌గా ఉండదు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఇది చికిత్సగా నిలుస్తుందా అన్నది ఇంకా పరీక్షల్లోనే ఉంది. నిమ్మకాయ నీళ్లకూ దీనికీ సంబంధం లేదు.

ఇప్పుడు పరిశోధకుల చూపు రాడికల్స్‌ను ఆర్పడం కంటే కణితి కవచాన్ని విప్పడం మీద ఎక్కువగా ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టిన కణ మరణం అందులో ముఖ్యమైనది. కణం పైపొరలోని కొవ్వు ఇనుము వల్ల ఆక్సీకరించి పాడైపోతుంది, పొర చిరిగి కణం చస్తుంది. డబ్బాలోని పాత జంతికల నూనెకు జరిగేదీ మూలంలో ఇదే. జీపీఎక్స్4 అనే ఒక్క ఎంజైమ్ ఆ కొవ్వును ఎప్పటికప్పుడు బాగుచేస్తూ ఉంటుంది. దాన్ని ఆపితే మామూలు మందులకు లొంగని కొన్ని క్యాన్సర్ కణాలు కూడా ప్రయోగశాలలో చచ్చిపోతున్నాయి. మూత్రపిండాలకు, మెదడుకు కూడా అదే ఎంజైమ్ కావాలి కాబట్టి కణితిలో మాత్రమే దాన్ని ఆపడం ఎలా అన్నదే చిక్కు. ఈ కణ మరణాన్ని అడ్డుకునే పదార్థాల్లో విటమిన్ ఇ ఒకటి.

ఫిన్లాండ్‌లో 1993లో మాత్రలు ఆపేశాక కూడా ఆ మనుషులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో కనిపించిన అదనపు ముప్పు క్రమంగా తగ్గి, కొన్నేళ్లకు మిగతావాళ్లతో సమానమైంది. మాత్ర వాళ్ల డీఎన్ఏలో కొత్త తప్పులు రాసి ఉంటే, ఆపినా ఆ తప్పులు అలాగే ఉండిపోయేవి, ముప్పు ఇంత త్వరగా దిగేది కాదు.